బోటెక్కిన కల్లు

ఈ ఎండకాలం నేను ఒకే ఒక్కసారి బోటెక్కిన. టికెటుతోని, పెట్టెల చీర తీసి కట్టుకోని మరీ ఎక్కిన. పైన కుర్చీల కూసోని, పైసలిచ్చి గిలాసెడు కల్లు తాగిన. గౌండ్లోళ్ల ఇంట్ల పుట్టి, గౌండ్లోళ్ల ఇంటికే కోడలొచ్చినదాన్ని. నా బతుకుల పైసలు వెట్టి కల్లు కొన్నది గదే మొదలు. గా గిలాస కడుపులకు దిగినంక నాకు ఇంట్ల మనిషి మొఖం చూడబుద్ధి కాలే.

మాది నాగిరెడ్డిపేట దిక్కు, ప్రాజెక్టు కట్ట కింది ఊరు. ఏడిండ్ల గౌండ్లోళ్లం ఉన్నం. మొగోళ్లు తాటిచెట్లెక్కి కల్లు దించుతరు, ఆడోళ్లం కట్ట మీద కొట్టం కింద కూసోని అమ్ముతం. మా ఆయన సిద్దిరాములు ఏడిండ్లకు పెద్ద. పెద్దంటే పదవేం కాదు. ఎవని చెట్టెక్కే మోకు తెగినా, రెండిండ్ల నడుమ చెట్టు లొల్లి వచ్చినా అందరు ఆయన దిక్కే చూస్తరు. మనిషి తక్కువ మాట్లాడుతడు. ఆయన మాట్లాడాల్సింది గూడ నేనే మాట్లాడుత. సిద్దిరాములు తన నోరు గూడ పెండ్లానికే ఇచ్చిండని ఊర్ల నవ్వుతరు. నవ్వనీ, నాకేం బాధ లేకుండె.

ఉగాది ముందట బోటు వచ్చింది. లారీల మీద ముక్కలు ముక్కలుగ తెచ్చి నీళ్ల ఒడ్డున బిగించిన్రు. రెండంతస్తులు, చుట్టూ రంగు లైట్లు, పైన కుర్చీలు, పాటల డబ్బాలు. క్రూజ్ అని పక్కకు పెద్దగ రాసుకున్నరు గాని మాకైతే అది బోటే. కామారెడ్డికెల్లి, ఎల్లారెడ్డికెల్లి జనం కార్లేసుకోని వస్తరట, నీళ్ల మీద చక్కరు కొట్టి పోతరట. దాని పని అంత చూసేటోడు ప్రేమ్‌కుమార్ అని ఒక మేనేజరు, కామారెడ్డి పిలగాడు. ఓనరు ఎక్కడో పట్నంల ఉంటడు. మేమైతే ఆయన మొఖం ఎన్నడు చూడలే.

బోటు ఆగనీకె మంచి లోతున్న జాగ సరిగ్గ మా కొట్టం ముందటనే ఉన్నది. జాగ సర్కారుదే, మాదేం గాదు. కాని మా అత్త కాలం సంది అక్కడ కూసుంటున్నం. మమ్ముల లేపితే లొల్లి అయితదని ప్రేమ్‌కుమార్‌కు ఎరుకే. అందుకని చేతులు జోడిచ్చుకుంట వచ్చిండు. జర పక్కకు జరుగుర్రి పెద్దమ్మా అన్నడు. వచ్చినోళ్లంత మీ ముందటికెల్లే ఎక్కుతరు, మేం పైన తాగేటివి ఏమీ అమ్మం, మీ కాడ కల్లు కొనుక్కోని పట్టుకోని వస్తరు, మేం గుడాలు, మిర్చీలు అమ్ముకుంటం అన్నడు.

నాకు మంచిగనిపిచ్చింది. మా కల్లు తాగేటోళ్లు అప్పటిదాంక కూలికి పోయే కైకిలోళ్లు, గొర్లు కాసేటోళ్లే. కార్లల్ల వచ్చేటోళ్లు తాగుతరంటే ఎవరు వద్దంటరు? మా గౌండ్లోళ్ల దేవుడు కాటమయ్య రాయి కాడ కల్లు సాక వోసినం. ఒక్క మట్టి లొట్టిలకెల్లి ఏడిండ్లోళ్లం తాగినం. ప్రేమ్‌కుమార్ గూడ తాటాకు దొప్ప పట్టుకోని, కండ్లు మూసుకోని తాగిండు. పొరవోయి దగ్గుతే అందరం నవ్వినం. ఒక్క లొట్టిది తాగినంక మాట మారద్దు. మా లెక్కల గదే కాయితం, గదే సంతకం.

నెల దినాలు మస్తు నడిచింది. కామారెడ్డిల పౌడర్లు కలిపిన కల్లు తాగి నాలుకలు మొద్దువారినోళ్లు, మా చెట్టు కల్లు ఒక గుటక మింగి ఒకల మొఖం ఒకలు చూసుకుందురు. ఆడోళ్లు, ముసలోళ్లు, పట్నం చుట్టాలు, అందరు చేతిల లొట్టి పట్టుకోని బోటెక్కుతుండ్రి. నీళ్ల మీదికెల్లి నవ్వులు వినవస్తుండె. నాకైతే పొద్దుగూకేదాంక కూసుండనీకె తీరకపోవు.

ఒకనాడు పొద్దుగాల పోయే వరకు రేవు కాడ బోర్డు ఉన్నది. బయటి తాగేటివి పైకి తేవద్దు, అన్నీ పైన దొరుకుతయ్ అని. టోపీలు పెట్టుకున్న ఇద్దరు మనుషులు నిలవడి సంచులల్ల చేతులు వెట్టి దేవుతున్నరు.

గా దినమే ఎల్లారెడ్డికెల్లి అబ్రాహాము సారు, ఆయన భార్య ఎస్తేరమ్మ వచ్చిన్రు. సారు బస్సు కండక్టరు చేసి దిగినోడు. మా తోవల ఏండ్లకేండ్లు టికెట్లు కొట్టిండు, చూడంగనే గుర్తుపట్టిన. వాళ్ల పెండ్లయి నలభై ఏండ్లు నిండినయట. ఎస్తేరమ్మ ఇంట్ల నల్ల ద్రాక్షలు పిసికి, జాడీల పోసి, నెలల తరబడి మురగవెట్టి వైను చేసింది. నీళ్ల మీద కూసోని ఇద్దరం తాగుదమని సీసను తువ్వాలల చుట్టుకోని తెచ్చుకున్నరు. టోపీ మనిషి సంచిల చెయ్యి వెట్టి సీస బయటికి తీసిండు. ఇది ఇక్కడ పెట్టిపోవాలె, వైను కావాల్నంటే పైన ఉన్నది కొనుక్కోర్రి అన్నడు.

ఎస్తేరమ్మ మెత్తటి మనిషే గాని గా మాటకు లేచింది. "నలభై ఏండ్లు ఈయన నా చేతిది తిన్నడు, నా చేతిది తాగిండు. ఇయ్యాల మీ కాడ కొనుక్కోని తాగాల్నా?" అన్నది.

లొల్లి విని ప్రేమ్‌కుమార్ వచ్చిండు. ఓనరు ఆర్డరు అన్నడు. టికెట్లతోని ఏం మిగుల్తలేదట, పైన పెట్టిన కౌంటరు నడిస్తేనే బోటు నడుస్తదట. నేను కొట్టంల నుంచి లేచి పోయి వాని ముందట నిలవడ్డ.

"కాటమయ్య కాడ నువ్వు తాగిందేంది బిడ్డా, నీళ్లా?" అన్న.

వాడు ఫోను దిక్కు చూసుకున్నడు. నాదేమున్నది పెద్దమ్మా, పైనోళ్లు చెప్పింది చేస్త అన్నడు.

సారు, ఎస్తేరమ్మ బోటెక్కలే. మా కొట్టంల బల్ల మీద కూసోని గా సీస ఇప్పిన్రు, నా గిలాసలల్లనే పోసుకున్నరు. నాకు గూడ ఇంత పోసిన్రు. తియ్యగ, జర వగరుగ ఉండె. ఇది తాగితే మత్తెక్కదు గాని ఆకలైతది అన్న. ఎస్తేరమ్మ ఎంత నవ్విందో. బోటు వాళ్ల ముందట ఖాళీ కుర్చీలతోని చక్కరు కొట్టి వచ్చింది. వాళ్లు మాపటి బస్సుకు ఎల్లారెడ్డి పోయిన్రు.

గా రాత్రే ఏడిండ్లోళ్లం కాటమయ్య రాయి కాడ జమైనం. మేం గూడ తక్కువోళ్లం గాదు. బోటోళ్లు ఒక మనిషితోని మా కల్లే కొని పైన అమ్ముతమని అడిగిపిచ్చిన్రు. మా కొట్టం ఎత్తేయాల్నట, వాళ్లు చెప్పిన ధరకు వాళ్లకే వొయ్యాల్నట, వాళ్లు దానికి మూడింతలు పెట్టి అమ్ముకుంటరట. గంతకంటె చెట్టు మొదట్ల ఒంపుకుంటే నయం అన్న నేను. ఎన్నడు మాట్లాడని మా ఆయన గా దినం మాట్లాడిండు.

"బోటుకు ఒక్క చుక్క పోవద్దు," అన్నడు. "జనం వచ్చేది చెట్టు కల్లు కొరకు, నీళ్లు చూడనీకె కాదు. ఎండకాలం అయ్యేలోపట వాళ్లే బోర్డు తీస్తరు. ఏడిండ్లల్ల ఒక్కడు ఇచ్చినా ఏడిండ్లు మునుగుతయ్."

నాకు ఎంత గర్వమనిపిచ్చిందో. చీకట్ల ఎవలకు కనవడలేదు గాని నా కండ్లల్ల నీళ్లొచ్చినయ్. సాక వోసి మళ్ల ఒక్క లొట్టిదే తాగినం. ఇచ్చినోని ఇంటికి కట్టు అనుకున్నం. అంటే ఆ ఇంటోళ్లతోని ఎవలు మాట్లాడద్దు, వాళ్లు కొట్టం కింద కూసోవద్దు, కాటమయ్య పండుగల వాళ్ల చెయ్యి తాకద్దు.

ఇగ తాటిచెట్టు సంగతి తెల్వనోళ్లకు ఒక మాట చెప్పాలె. గీసుడు ఒకసారి షురూ చేస్తే ఆపనీకె రాదు. రోజూ చెట్టెక్కి గెల కొసను కత్తితోని సన్నగ చెక్కాలె. రెండు దినాలు ఇడిసిపెడితే గెల ఎండుతది, ఆ ఏడు ఆ చెట్టు పోయినట్టే. అందుకే అమ్మినా అమ్మకున్నా ఎక్కుడు తప్పది, దించుడు తప్పది. కల్లు నిలువ ఉండేది గాదు. ఎల్లారెడ్డి దుకాణాలల్ల పోద్దామంటే అక్కడి కల్లు సంఘపోళ్లు పెట్టనియ్యరు. ఊరోళ్లకు పోంగ మిగిలింది ఎవలకు వాళ్లు చెట్టు మొదట్లనే ఒంపాలె అనుకున్నం. చెట్లు ఒక్క కాడ ఉండయి. ఒకలవి కాల్వ మీద, ఒకలవి చెలకల, ఒకలవి చౌడు భూమిల. ఏ చెట్టు కింద ఎవరు ఏం చేసిండో చూసేటోడు లేడు. మొగోడు, చెట్టు, గంతే. నమ్మకం మీదనే నడవాలె.

మేం నడిచినం. కొట్టం బోసిపోయింది. మా ఆయన మాపటికి ఖాళీ లొట్లు తెచ్చి నా ముందట పెడుతుండె. నేను ఇసుకతోని తోమి, కడిగి, తంగేడు పుల్లల పొగ మీద బోర్లిస్తుంటి. ఈ పొగ వెట్టుడు మా అవ్వ నేర్పింది. ఏడిండ్లల్ల నేనొక్కదాన్నే చేస్త, మిగిలినోళ్లు ఎండల బోర్లిచ్చి ఊకుంటరు. పొగ వెడితే కల్లు జల్ది పులవది, కమ్మటి వాసన వస్తది. మా ఏడిండ్లల్లనే ఉండే మైసన్న పెండ్లాం పోచవ్వ చూసి, మట్టిల ఒంపే కల్లుకు గీ సేవలేందక్కా అన్నది. ఒంపుతమని లొట్టికి తెల్వది గద అన్న నేను. ఇద్దరం నవ్వుకున్నం.

బోటు ఖాళీగ తిరగవట్టె. సీసలల్ల దొరికేది కామారెడ్డిల దొరకదా, దానికి గింత దూరం ఎందుకు వస్తరు? ఒకదినం ప్రేమ్‌కుమార్ కొట్టం కాడికి వచ్చి మెత్తగ కూసున్నడు. ఓనరు దిగొస్తున్నడు పెద్దమ్మా, జర ఓపిక పట్టుర్రి, మీరే గెల్చినట్టు అన్నడు. ఇంటికి పోంగనే మా ఆయనకు చెప్పిన. ఆయన బువ్వ తింటున్నడు. "ఊ" అన్నడు. నాకు గా రాత్రి ఖుషీకి నిద్ర పట్టలే.

వారం తిరగక ముందే రేవు కాడ కార్లు మళ్ల నిండినయ్. బోర్డు మాత్రం ఎక్కడిదక్కడే ఉన్నది. జనం ఒట్టి చేతులతోని ఎక్కుతున్నరు, మూతులు తుడుసుకుంట దిగుతున్నరు. ఒకామె దిగుకుంట దిగుకుంట, పైన చెట్టు కల్లు మంచిగున్నది, మీరెందుకు అమ్ముతలేరు అని నన్నే అడిగింది. నా నోట్లె మన్ను వడ్డట్టయింది.

ఎవలో ఇచ్చిన్రు. ఏడిండ్లల్ల ఎవలో.

అందరి కండ్లు మైసన్న మీద వడ్డయి. మైసన్న బక్కపలుచటోడు, ఎవల జోలికి పోనోడు. కాని వాని తమ్ముడు బోటు మీద తాళ్లు కట్టే పనికి కుదిరిండు. రోజూ రేవు కాడ అన్నదమ్ములు మాట్లాడుకుందురు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు గద. మళ్ల రాయి కాడ జమైనం. మైసన్న కాటమయ్య మీద చెయ్యి వెట్టి, నేను ఇస్తే నా చెయ్యి వడిపోను, మోకు తెగిపోను అన్నడు. పోచవ్వ ఏడ్చుకుంట నా కాళ్లు పట్టుకోవచ్చింది. నేను కాళ్లు వెనుకకు గుంజుకున్న. మీ ఇంటి కల్లు బోటెక్కి మా ఇండ్ల మీద మన్ను వోసింది అన్న. ఇంకా ఏమేమో అన్న. అందరు మా ఆయన దిక్కు చూసిన్రు.

"అందరు ఏమంటే గదే," అన్నడు ఆయన, నేల దిక్కు చూసుకుంట.

మైసన్న ఇంటికి కట్టు పెట్టినం. బోరింగు కాడ నేను నీళ్లకు పోతే పోచవ్వ బిందె తీసుకోని పక్కకు జరిగి, నేను నింపుకునేదాంక నిలవడేది. మంచిగైంది అనుకున్న.

పద్మప్రియ మా బిడ్డ. కామారెడ్డిల బట్టల షాపుల నౌకరి చేస్తది. తనతోని పనిచేసే ఇద్దరు పిల్లలను తీసుకోని ఆదివారం వచ్చింది. అవ్వా, నీకు గూడ టికెట్ తీసిన, ఒక్కసారి ఎక్కు అన్నది. నేను ఎక్కనంటే ఎక్కనన్న. మళ్ల నాకు ఒకటి తట్టింది. మైసన్న చెట్లు చెలకల ఉన్నయ్. ఆ కల్లు పలుచగ, ఒట్టి తియ్యగ ఉంటది. నేను ఒక్క గుటక తాగితే చాలు, దొంగ దొరికినట్టే. మైసన్న చేసిన ఒట్టు ఒట్టిదని నలుగుట్ల రుజువు చేయొచ్చు. అందుకే ఎక్కిన. బోటు మోజుతోని కాదు.

టోపీ మనిషి నా సంచి దేవిండు. మా కొట్టం పక్కన రోజూ నిలవడేటోడే, నన్ను ఎరుగనట్టే చూసిండు. నా నీళ్ల సీస గూడ తీసి పక్కకు వెట్టిండు. పైన కుర్చీల కూసున్నం. పాటలు మోగుతున్నయ్, గాలి మంచిగ కొడుతున్నది. పద్మప్రియ గిలాసలల్ల కల్లు తెప్పిచ్చింది. నేనే పైసలిచ్చిన, బిడ్డను ఇయ్యనియ్యలే.

గిలాస మూతికాడికి తెచ్చిన. ముందుగాల పొగ వాసన వచ్చింది. తంగేడు పొగ.

ఒక గుటక మింగిన. ఆఖరుకు నాలుక మీద జర ఉప్పుదనం నిలిచింది. చౌడు భూమిల తాటిచెట్లకు గట్లనే ఉంటది. ఏడిండ్లల్ల చౌడుల చెట్లున్నది మా ఒక్క ఇంటికే.

గిలాస కింద పెట్టిన. మళ్ల తీసి ఇంకో గుటక తాగిన, ఏమన్న వేరే తీరు తాకుతదేమో అని. తాకలే.

"ఎట్లున్నదవ్వా?" అన్నది పద్మప్రియ.

"మంచిగున్నది."

"బాపు కల్లు లెక్కనే ఉన్నది గద," అని నవ్వింది పిచ్చి పిల్ల. అవు బిడ్డా అన్న.

ఇంటిదొంగను ఈశ్వరుడు సుత పట్టడంటరు. నేను పట్టిన. బోటు నీళ్ల నడుమకు పోయింది. అక్కడికెల్లి మా కొట్టం అగ్గిపెట్టెంత కనవడ్డది. రోజూ ఆ లొట్లు తోమిందెవరు? పొగ వెట్టిందెవరు? బోటోళ్ల కల్లుకు నేను ఊడిగం చేసిన. నా మొగడు నాతోని చేయించిండు. ఎండకు తలనొస్తున్నదని బిడ్డకు చెప్పిన.

గా మాపు గూడ ఆయన ఖాళీ లొట్లు తెచ్చి ముందట వెట్టిండు. కడిగిన. ఎందుకు కడిగిన్నో నాకే తెల్వదు. నా నాలుక తప్పు చెప్పిందేమో అని ఒక చిన్న ఆశ ఉండె. లొట్లు ఎవలన్న ఎత్తుకపోతున్నరేమో, మా ఆయనకు తెల్వకుండ ఎవలన్న దించుకుంటున్నరేమో. ఆడది మొగని తప్పును మొగనికి తాకకుండ చేయనీకె ఎన్ని తోవలు వెతుకుతదో.

పొద్దుగాల ఆయన పోయినంక జరసేపాగి నేను గూడ పోయిన. తోవల ముందుగాల మైసన్న చెట్లు వస్తయ్. చెట్టు మొదలు కాడ మన్ను నల్లగ నాని, బురదై, పుల్లటి కంపు కొడుతున్నది. ఈగలు, చీమలు, గండుచీమలు, అడుగు వెట్టనీకె జాగ లేదు. ఒక ముసలి కుక్క గా బురదను నాకి పక్కకే మత్తుగ పన్నది. మైసన్న దించిన కల్లంత రోజు తప్పకుండ ఒంపిండు. కట్టు పెట్టినంక గూడ ఒంపిండు. మా సిగ్గు తీయనీకె గా బురద చాలు.

మా చెట్ల కాడికి పోయిన. మొదట్ల భూమి తెల్లగ, ఎండి, పెంకులు లేచి ఉన్నది. ఒక్క చీమ లేదు.

ఆయన పైన ఉన్నడు. నన్ను చూసిండు. దిగుడుకు మస్తు సేపు వట్టింది. దిగినంక మోకు ఇప్పుకుంట నిలవడ్డడు గాని నా దిక్కు చూడలే.

"ఎప్పటిసంది?" అన్న.

చెప్పడేమో అనుకున్న. చెప్పిండు. ప్రేమ్‌కుమార్ కొట్టం కాడికి వచ్చి మీరే గెల్చిన్రు అన్నడు చూడు, దానికి ముందట్నే మాట్లాడుకున్నరట. వాడు నా కాడ మెత్తగ కూసున్నది గూడ మా ఆయన ఎరుకతోనేనట. నాకు అనుమానం రాకుండ. ఎండకాలం అయినంక రేవు కాడ పక్కా కొట్టం కట్టి మనకే ఇస్తమన్నరు, మిగిలిన ఆరిండ్లు ఉన్నా లేకున్నా మన ఇల్లు నిలవడ్తది అన్నడు. ఎవలో ఒకలు ఇచ్చేటోళ్లే రాజమణీ, వేరేటోడు ఇచ్చినంక ఏడ్సుడుకంటె ముందుగాల నేనే ఇచ్చిన అన్నడు.

నాకు గివన్ని వినవడుతున్నయ్ గాని ఒక్కటే అడగబుద్ధయింది.

"మైసన్నకు కట్టు పెట్టిన నాడు నీ నోరేమైంది?"

అప్పుడు నా మొఖం చూసిండు. "నువ్వే మాట్లాడుతివి గద," అన్నడు.

కొట్టినా గింత దెబ్బ తాకకపోవు. కోపంతోని అన్లే ఆయన, ఎగతాళి చేయలే. ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. నేను పోచవ్వను తిడుతుంటే ఈయన నేల చూసుకుంట నిలవడ్డది, నాకు అడ్డం రావద్దనేం కాదు. నా నోరు ఆయనకు అక్కరకొచ్చింది, అందుకే నిలవడ్డడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయ్. గిన్నేండ్ల కాపురం మీద నాకు ఆ చౌడు భూమిల నిలవడి ఉమ్మెయ్యాల్ననిపిచ్చింది. ఏడ్వలే. నడుసుకుంట ఊర్లెకు వచ్చిన.

ఇండ్లిండ్లకు పోయి నేనే అందరిని పిలిచిన. మైసన్న, పోచవ్వ రామన్నరు. మీరు రాకుంటే నేను ఇక్కడికెల్లి లేవనని వాళ్ల గడప ముందట కూసున్న. వచ్చిన్రు, కాని రాయికి దూరంగనే నిలవడ్డరు. మా ఆయన గూడ వచ్చిండు. దాసిపెట్టుడు ఆయన గుణమే గాని పారిపోవుడు కాదు.

నేను మొత్తం చెప్పిన. బోటు మీద తాగింది చెప్పిన, పొగ వాసన చెప్పిన, చెట్టు మొదట్ల చూసింది చెప్పిన. ఆయన అన్నమాట గూడ దాచలే. పోచవ్వ కాడికి పోయి రెండు చేతులు పట్టుకున్న. నా నోరు పాడుగాను, నన్ను నువ్వు తిట్టాలె, నువ్వు తిడితేనే నాకు మనసు నిమ్మళమైతది అన్న. ఆమె చేతులు గుంజుకోలే, పట్టుకోలే.

కట్టు మా ఇంటికి పెట్టుర్రి అన్న. పెద్దోడని చూడద్దు, ఆడది చెప్తున్నదని చూడద్దు. అనుకున్న మాట అనుకున్నట్టు నడవాలె. ఇంకా కాలం ఉన్నది, మిరుగు వానలు రానీకె దినాలున్నయ్, ఆరిండ్లు గట్టిగ పట్టుకుంటే బోటు ఇప్పటికన్న దిగొస్తది. నా చేతులతోని నేనే మా లొట్లు పగలగొడ్త, మా కల్లు ఇగ పోదు అన్న.

మొగోళ్లు తువ్వాలలు సదురుకున్నరు. ఒకడు బీడీ ముట్టిచ్చుకున్నడు. వాళ్ల మొఖాలల్ల కోపం కొరకు చూసిన. తిడతరనుకున్న, మీదికి వస్తరనుకున్న. అట్ల వస్తే అడ్డం పోవద్దని గూడ మనసుల అనుకున్న.

బీడీ ముట్టిచ్చినోడు మెల్లగ అడిగిండు, వాళ్లు దించింది మొత్తం తీసుకుంటున్నరా, సగమేనా అని. మొత్తం తీసుకుంటరు, చెట్ల కాడికే బోటోళ్ల బండి వస్తది అన్నడు మా ఆయన. ఇంకొకడు గొంతు సవరిచ్చుకోని, మాపటి కల్లు గూడనా అన్నడు. అవు అన్నడు. లొట్లు మనవా వాళ్లవా అని ఇంకోడు. ఇగ అందరు ఒకలెంక ఒకలు జరిగి ఆయన చుట్టూ కూసున్నరు.

నేను నిలవడే ఉన్న. మైసన్న దిక్కు చూసిన. వీడన్న మాట్లాడాలె. కాటమయ్య మీద చెయ్యి వెట్టి ఒట్టువడ్డోడు, నిండ దించి మన్నుల వోసినోడు, ఊరందరు ఉమ్మేసినా మాట తప్పనోడు. వీడు ఒక్కడు నా పక్కకు నిలవడితే చాలు. ఇంకెవలు అక్కర్లేదు.

మైసన్న రెండడుగులు ముందటికి వచ్చిండు. వాన్ని మళ్ల రాయి కాడికి రానిచ్చినందుకే వాని మొఖం విప్పారింది.

"అన్నా," అన్నడు మా ఆయనతోని, చేతులు కట్టుకోని. "గా బండి మా చెలక దిక్కు సుత వస్తదా?"

"చెప్త. వస్తది," అన్నడు మా ఆయన.

పోచవ్వ కొంగుతోని కండ్లు తుడుసుకోని, జరిగి నాకు కూసుండనీకె జాగ ఇచ్చింది. గా దినం ఎవల ఇంటికీ కట్టు పెట్టలే. తప్పు చేసినోడు ఒక్కడు గూడ దొరకలే మాకు.